ఆన్‌లైన్ వేలంలో సరుకును ఎప్పుడు పెట్టాలి? – రద్దీకి, పోటీకి మధ్య గల తేడా

పసుపు రైతు తొమ్మిది నెలల పాటు పంటను కాపాడి, దుంపలు తవ్వి, ఉడకబెట్టి, పది పదిహేను రోజులు కళ్లంలో ఎండబెట్టి, మెరుగు పట్టించి బస్తాలకు ఎత్తిన తరువాత అతని చేతిలో మిగిలే నిర్ణయం ఒక్కటే: సరుకును ఏ రోజు మార్కెట్టుకు తీసుకుపోవాలి? విత్తన మోతాదుకు, ఎరువుల మోతాదుకు, కోత దశకు సిఫారసులు ఉన్నాయి. ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం రైతు సాధారణంగా పొరుగు రైతు చెప్పిన మాట మీదనో, నిన్నటి ధర మీదనో ఆధారపడుతున్నాడు. నిన్న మంచి ధర పలికిందని తెలిసిన మరునాడు యార్డు సరుకుతో నిండిపోవడం, ధర తగ్గడం ప్రతి సీజనులోనూ కనిపించే దృశ్యమే.

వేలం చావిడి నుండి కంప్యూటరు తెర మీదికి మారిన తరువాత ఈ ప్రశ్న ప్రాధాన్యం మరింత పెరిగింది. 2016 ఏప్రిల్ 14న 8 రాష్ట్రాలలోని 21 మార్కెట్లతో ప్రారంభమైన జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ మార్కెట్ (ఈ-నామ్) 2018 మార్చి నాటికి 585 మార్కెట్లకు, 2020 మే నాటికి 1,000 మార్కెట్లకు విస్తరించింది. పసుపు వ్యాపారానికి పేరుపొందిన నిజామాబాద్ మార్కెట్ తొలి విడతలోనే ఇందులో చేరింది. ఆన్‌లైన్ వేలంలో సరుకును ఎప్పుడు ఉంచితే లాభమనే అంశంపై ఆర్థిక శాస్త్రంలో రెండు దశాబ్దాలకు పైగా పరిశోధనలు జరిగాయి. వాటి సారాంశాన్ని మన యార్డుల పరిస్థితులకు అన్వయించి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

రద్దీ వేళ మంచి వేళ కాదు: ఈబే అనుభవం

అమెరికాలో 1995లో ప్రారంభమైన ఈబే వేదికపై ఎవరైనా తమ వస్తువును వేలానికి పెట్టవచ్చు. వేలం ఎన్ని రోజులు సాగాలో, ఏ గంటకు ముగియాలో నిర్ణయించుకొనే వెసులుబాటు అమ్మకందారుకే ఉన్నది. సాయంత్రం వేళ ఇంటికి చేరినవారు ఎక్కువ మంది కంప్యూటరు ముందు కూర్చుంటారు గనుక, వేలం ఆ సమయానికి ముగిసేలా చూసుకోవడం మేలని చాలామంది అమ్మకందారులు భావించారు. వినడానికి ఈ తర్కంలో లోపం కనిపించదు.

యూరి సైమన్‌సోన్ అనే పరిశోధకుడు డీవీడీల వేలాలను విశ్లేషించి 2010లో ప్రచురించిన పరిశోధన ఈ నమ్మకాన్ని తలకిందులు చేసింది. కొనుగోలుదారులు ఎక్కువగా ఉండే గంటలలో ముగిసిన వేలాలలో వస్తువు అమ్ముడుపోయే అవకాశమూ తక్కువగానే ఉన్నది, పలికిన ధరా తక్కువగానే ఉన్నది. ఆ వేళకు కొనుగోలుదారులు పెరిగిన మాట నిజమే. అయితే అమ్మకందారులు అంతకంటె ఎక్కువ నిష్పత్తిలో పెరిగారు. ఒక్కొక్క వస్తువుకు దక్కే పాటదారుల సంఖ్య తగ్గిపోయింది. ఈ పొరపాటు అజాగ్రత్తపరుల కంటె, ముగింపు వేళను ఆలోచించి ఎంచుకొన్నట్లు తోచే అమ్మకందారులలోనే ఎక్కువగా కనిపించడం గమనించదగిన విషయం. కొనేవారు ఎప్పుడు వస్తారని వారు లెక్క వేశారు గాని, తమవలెనే లెక్క వేసే ఇతర అమ్మకందారులను లెక్కలోనికి తీసుకోలేదు.

వ్యవసాయ ఆర్థిక శాస్త్ర విద్యార్థులకు ఇది కొత్త సంగతి కాదు. ఈ ఏటి ధరను చూసి వచ్చే ఏటి విస్తీర్ణాన్ని నిర్ణయించుకొనే రైతుల వలన ధరలు ఎలా ఊగిసలాడతాయో 1938లో ఎజెకీల్ సాలెగూడు సిద్ధాంతం ద్వారా వివరించాడు. అక్కడ సంవత్సరాల మధ్య జరిగేది ఇక్కడ రోజుల మధ్య, గంటల మధ్య జరుగుతున్నది.

లాటుకు ఎందరు పాటదారులు?

వేలంలో ధరను నిర్ణయించేది యార్డులో ఉన్న మొత్తం ఖరీదుదారుల సంఖ్య కాదు. ఒక లాటును పరిశీలించి దానికి ధర కోట్ చేసేవారి సంఖ్యే ముఖ్యం. ఒక ఊహాత్మక ఉదాహరణతో దీనిని స్పష్టం చేయవచ్చు.

ఒక యార్డుకు సోమవారం 40 మంది ఖరీదుదారులు, 800 లాట్లు వచ్చాయనుకొందాం. బుధవారం 25 మంది ఖరీదుదారులు, 250 లాట్లు వచ్చాయనుకొందాం. వేలం ముగిసేలోగా ఒక్కొక్క ఖరీదుదారు 120 లాట్లను చూసి ధర కోట్ చేయగలడనుకొంటే, సోమవారం మొత్తం 4,800 కోట్‌లు 800 లాట్ల మధ్య పంచబడి లాటుకు సగటున 6 పడతాయి. బుధవారం 3,000 కోట్‌లు 250 లాట్ల మధ్య పంచబడి లాటుకు 12 పడతాయి. యార్డు కళకళలాడినది సోమవారమే. పోటీ ఉన్నది మాత్రం బుధవారం.

ధరలో దీని ప్రభావం ఎంత? ఖరీదుదారులు ఒక నాణ్యత గల పసుపుకు ఇవ్వదలచిన విలువలు క్వింటాలుకు రూ. 11,000 నుండి రూ. 12,000 వరకు సమానంగా పరచుకొని ఉన్నాయని, ఎవరి అంచనా వారిదేనని భావిద్దాం. పాట పెరుగుతూ పోయే వేలంలో ధర రెండవ అత్యధిక విలువ వద్ద ఆగుతుంది. n మంది పాటదారులు ఉన్నపుడు ఆ ధర సగటున ఈ శ్రేణిలో (n–1)/(n+1) వంతు వద్ద ఉంటుంది. దీని ప్రకారం పాటదారుల సంఖ్యను బట్టి ధర ఇలా మారుతుంది:

పాటదారులు 2 : రూ. 11,333
పాటదారులు 3 : రూ. 11,500
పాటదారులు 6 : రూ. 11,714
పాటదారులు 12 : రూ. 11,846
పాటదారులు 13 : రూ. 11,857

ఈ లెక్క ప్రకారం సోమవారం నుండి బుధవారానికి మారిన రైతుకు క్వింటాలుకు రూ. 132 అదనంగా వస్తుంది. 30 క్వింటాళ్ల సరుకుకు ఇది రూ. 3,960. నాణ్యతను పెంచకుండా, ఖర్చు చేయకుండా, కేవలం రోజు మార్చడం వలన వచ్చిన మొత్తం ఇది.

పట్టికలో మరొక విషయం కూడా ఉన్నది. పాటదారులు 2 నుండి 3కు పెరిగితే ధర రూ. 167 పెరుగుతుంది. 12 నుండి 13కు పెరిగితే పెరుగుదల రూ. 11 మాత్రమే. అంటే పోటీ కరువైన లాటుకు దొరికే ఒక్క అదనపు పాటదారు విలువ చాలా ఎక్కువ. అమ్మకందారు కనీస ధరను ఎంత తెలివిగా నిర్ణయించినా, దాని కంటె ఒక అదనపు పాటదారు వలననే ఎక్కువ మేలు జరుగుతుందని 1996లో బులో, క్లెంపరర్ సిద్ధాంతపరంగా నిరూపించారు. వేలం వేళను ఎంచుకోవడమంటే ఆ అదనపు పాటదారును ఎంచుకోవడమే.

అయితే ఈ సూత్రానికి దిగువ హద్దు కలదు. సరుకు మరీ పలుచబడిన రోజున దూరప్రాంతాల ఖరీదుదారులు రారు. లారీకి సరిపడ సరుకు దొరకదని పెద్ద వ్యాపారులు ఊరుకొంటారు. మిగిలిన ముగ్గురు నలుగురు కూడబలుక్కొనడం సులభమవుతుంది. కనుక వెదకవలసినది ఖాళీ రోజును కాదు, ఖరీదుదారులు ఉండి లాట్లు తక్కువగా ఉన్న రోజును.

యార్డులో వేళకు మూడు మెట్లు

ఈబేలో డీవీడీ అమ్మేవారికి వేళ అంటే ముగింపు గంట. రైతుకు అది మూడు మెట్లుగా ఉంటుంది: నెల, రోజు, గంట.

నెల: నిజామాబాద్‌లో పసుపు రాక ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు ఉధృతంగా ఉంటుంది. అప్పు తీర్చవలసినవారు, నిల్వ వసతి లేనివారు ఈ నెలలలోనే అమ్ముకొంటారు. నెల మార్చుకోవాలంటే నిల్వ చేయగలగాలి. దాని ఖర్చును కింద ప్రత్యేకంగా లెక్కించడమైనది.

రోజు: వారాంతపు సెలవులు, పండుగలు, వేసవి విరామం తరువాత యార్డు తెరిచిన తొలి రోజున సరుకు పోటెత్తుతుంది. గుంటూరు మిర్చి యార్డును గమనించినవారికి ఇది సుపరిచితమే. ఒకటి రెండు రోజులు ఆగడానికి పసుపు, ఎండుమిర్చి వంటి సరుకుకు పెద్దగా నష్టం ఉండదు. కనుక మూడు మెట్లలో అతి తక్కువ ఖర్చుతో మార్చుకోగలిగినది రోజే. టమాటా, పూలు వంటి వాటికి ఈ వెసులుబాటు లేదు. వాటిలో వేళను నిర్ణయించేది కోత దశే గనుక, సర్దుబాటు పొలంలోనే జరగాలి.

గంట: ఆన్‌లైన్ మార్కెట్టులో సరుకు గేటు వద్ద నమోదై, లాటు సంఖ్య పొంది, నమూనా తీసి, తేమ మొదలైన నాణ్యతా లక్షణాలు పరీక్షించిన తరువాత తెర మీదికి వస్తుంది. వేలం ముగిసే గంట సాధారణంగా అందరికీ ఒక్కటే. ఆలస్యంగా వచ్చిన బండికి నాణ్యతా ఫలితం వేలం ముగిసేలోగా చేరకపోవచ్చు. స్థానిక ఖరీదుదారు కుప్ప వద్దకు వచ్చి చేతితో పట్టి, విరిచి చూసి ధర చెప్పగలడు. వేరే ఊరి నుండి తెర మీద చూసే ఖరీదుదారుకు పరీక్షా ఫలితమే ఆధారం. అది లేని లాటును అతడు వదిలివేస్తాడు. అంటే ఉదయం రెండు గంటల ఆలస్యం వలన రైతు కోల్పోయేది ఆన్‌లైన్ వేలం అందించవలసిన దూరపు పాటదారునే. ఈ-నామ్ మొబైల్ యాప్‌లో లాటు వివరాలను ముందుగా నమోదు చేసుకొనే సదుపాయం కలదు. గేటు వద్ద జాప్యాన్ని తగ్గించడానికి దీనిని రైతులకు నేర్పడం విస్తరణ సిబ్బందికి కష్టమైన పని కాదు.

ముగింపు నియమం ప్రభావం

వేలం ఎలా ముగుస్తుందన్న నియమం కూడా పాటదారుల ప్రవర్తనను మారుస్తుంది. ఈబేలో వేలం నిర్ణీత క్షణానికి ఖచ్చితంగా ముగిసేది. అదే కాలంలో అమెజాన్ నడిపిన వేలాలలో చివరి పది నిమిషాలలో ఎవరైనా పాట పాడితే గడువు మరో పది నిమిషాలు పొడిగింపబడేది. రాత్, ఓకెన్‌ఫెల్స్ 2002లో ప్రచురించిన పరిశోధనలో ఈ రెండింటినీ పోల్చి, ఖచ్చితమైన గడువు ఉన్నచోట పాటలు చివరి నిమిషాలలో గుమిగూడుతున్నాయని, పొడిగింపు ఉన్నచోట ఆ ధోరణి చాలా తక్కువని చూపారు. వేలం ఎక్కువ రోజులు తెరిచి ఉంచితే ధర పెరుగుతుందని పాత నాణేల వేలాలపై లకింగ్-రైలీ బృందం 2007లో ప్రచురించిన విశ్లేషణ తెలుపుతున్నది. వస్తువు కంటపడడానికి సమయం దొరకడమే ఇందుకు కారణమని భావించవచ్చు.

యార్డులో వందలాది లాట్లు ఒకే క్షణాన ముగిసినపుడు ఖరీదుదారు చివరి నిమిషాలలో అన్నింటినీ తిరిగి చూడలేడు. లాట్లను విడతలుగా విభజించి, విడతకొక ముగింపు వేళ నిర్ణయిస్తే అతని దృష్టి ఒక్కొక్క విడతపై నిలుస్తుంది. వేలం రూపకల్పనలో మార్పులు రైతు ధరను పెంచగలవనడానికి పొరుగున ఉన్న కర్ణాటక అనుభవం సాక్ష్యం. 2014లో ఆ రాష్ట్రం ప్రారంభించిన ఏకీకృత మార్కెట్ వేదిక వలన వరి, వేరుశనగ, మొక్కజొన్న ధరలు వరుసగా 5.1, 3.6, 3.5 శాతం పెరిగాయని 2020లో వెలువడిన అధ్యయనం తేల్చింది. పత్తి, పెసర, కంది పంటలలో చెప్పుకోదగిన ప్రభావం కనిపించలేదు. అదే పరిశోధకులు తరువాత ఆ రాష్ట్రంలోని ఒక ప్రధాన పప్పుధాన్యాల మార్కెట్టులో, తొలి దశలో ఎక్కువ ధర కోట్ చేసినవారికి రెండవ దశలో ధర పెంచే అవకాశమిచ్చే రెండంచెల వేలాన్ని 2019లో అమలు చేయించగా, ధర 4.7 శాతం పెరిగింది. తెర ఏర్పాటు చేసినంత మాత్రాన పోటీ రాదని, పోటీకి తగిన వేళను, నియమాన్ని కూడా ఏర్పాటు చేయాలని ఈ రెండు ఫలితాలు కలిసి చెబుతున్నాయి.

ఆగితే అయ్యే ఖర్చు

మంచి వేళ కోసం ఆగడం ఉచితం కాదు. క్వింటాలు రూ. 12,000 విలువ గల పసుపును నెల రోజులు నిల్వ చేయడానికి ఏడాదికి 7 శాతం వడ్డీ చొప్పున రూ. 70, గోదాము అద్దె రూ. 15, బరువు తరుగు అర శాతం చొప్పున రూ. 60 అనుకొంటే మొత్తం రూ. 145 అవుతుంది. మూడు నెలలకు రూ. 435. అంటే మూడు నెలల తరువాత రూ. 12,435 కంటె ఎక్కువ ధర వచ్చినపుడే ఆగడం లాభం. ప్రైవేటు అప్పుపై నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ కట్టే రైతుకు వడ్డీ ఒక్కటే నెలకు రూ. 240 అవుతుంది గనుక మొత్తం నెలకు రూ. 315, మూడు నెలలకు రూ. 945 అవుతుంది. ఒకే గ్రామంలో, ఒకే పంటకు, ఇద్దరు రైతులకు సరైన వేళ వేరువేరుగా ఉండడానికి ఇదే కారణం.

ఈ వ్యత్యాసాన్ని తగ్గించే మార్గం గోదాము రశీదు. 2007 నాటి గోదాముల అభివృద్ధి, నియంత్రణ చట్టం దీనికి ఆధారం. 2017 నుండి ఎలక్ట్రానిక్ రశీదులు అమలులోకి వచ్చాయి. కిసాన్ క్రెడిట్ కార్డు గల చిన్న, సన్నకారు రైతులు రశీదుపై పంటకోత తరువాత ఆరు నెలల వరకు రాయితీ వడ్డీతో రుణం పొందే వీలున్నది. 2020 ఏప్రిల్‌లో ఈ-నామ్‌లో గోదాము నుండే సరుకును వేలానికి పెట్టే విభాగం, రైతు ఉత్పత్తిదారుల సంస్థలు తమ కేంద్రం నుండే అమ్ముకొనే విభాగం చేర్చబడ్డాయి. సరుకు బండి మీద ఉన్నపుడు రైతుకు వేళను ఎంచుకొనే శక్తి లేదు. ధర నచ్చకపోయినా, తిరుగు కిరాయి గుర్తుకు వచ్చి ఒప్పుకొంటాడు. సరుకు గోదాములో ఉన్నపుడు మాత్రం నచ్చని ధరను తిరస్కరించి మరో రోజు వేలానికి పెట్టడం నిజంగా సాధ్యమవుతుంది.

సలహా ఒక్కటే అయితే సలహాయే సమస్య

విస్తరణ శాస్త్రవేత్తలకు ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. బుధవారం పోటీ ఎక్కువని తేలిందనుకొందాం. ఆ సమాచారాన్ని ఒకే సందేశంగా జిల్లాలోని రైతులందరి ఫోన్లకు పంపితే వచ్చే బుధవారమే కొత్త సోమవారమవుతుంది. యూరియా మోతాదును ఎందరు రైతులు పాటించినా అది సరైన మోతాదుగానే ఉంటుంది. అమ్మకపు వేళకు సంబంధించిన సలహా అలా కాదు. పాటించేవారు పెరిగేకొద్దీ దాని విలువ తరిగిపోతుంది.

కనుక ఇవ్వవలసినది ఉత్తమ రోజు పేరు కాదు, వంతుల క్రమం. పై సూత్రంతోనే దీనికి ఆధారం చూపవచ్చు. సగం లాట్లకు 2 పాటలు, మిగిలిన సగానికి 10 పాటలు పడితే సగటు ధర రూ. 11,576. అన్ని లాట్లకూ సమానంగా 6 పాటలు పడితే సగటు ధర రూ. 11,714. పాటల సగటు రెండు సందర్భాలలోనూ 6 మాత్రమే. కేవలం సమంగా పరచడం వలన క్వింటాలుకు రూ. 138 పెరిగింది. రాకను సమం చేయడం ఒక రైతును మరొక రైతుపై గెలిపించే ఉపాయం కాదని, రైతులందరి సగటును పెంచే పద్ధతి అని దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఇటువంటి క్రమం ఆంధ్ర ప్రాంతానికి కొత్త కాదు. గుంటూరు కేంద్రంగా పనిచేసే పొగాకు బోర్డు వేలం కేంద్రాలలో ఏ గ్రామాల రైతులు ఏ రోజున బేళ్లు తేవాలో ముందుగానే నిర్ణయిస్తారు. అక్కడ వేలం కూడా ఎలక్ట్రానిక్ పద్ధతికి మారింది. నమోదైన రైతులు, అనుమతించిన పరిమాణం ఉండడం వలన అక్కడ ఇది సులభం. పసుపు, మిర్చి వంటి పంటలలో నిర్బంధం సాధ్యం కాకపోవచ్చు గాని, రైతు ఉత్పత్తిదారుల సంస్థలు తమ సభ్యుల మధ్య వంతులు వేసుకోవడానికి, అప్పు ఒత్తిడి ఉన్న సభ్యునికి ముందు వంతు ఇవ్వడానికి అడ్డంకి ఏమీ లేదు.

పరిశోధనకు అవకాశాలు

పై లెక్కలు ఊహాత్మక విలువలపై ఆధారపడినవి. వాటిని ప్రతి మార్కెట్టుకు నిజమైన అంకెలతో పరీక్షించడం స్నాతకోత్తర విద్యార్థులకు మంచి పరిశోధనాంశం. రోజువారీగా సేకరించవలసినవి ఐదు: లాట్ల సంఖ్య, పాటలో పాల్గొన్న వేరువేరు ఖరీదుదారుల సంఖ్య, లాటుకు పడిన పాటల సంఖ్య, రైతు తిరస్కరించిన లాట్లు, కొమ్ము, మండ రకాలకు వేరువేరుగా పలికిన ధర.

విశ్లేషణలో రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, సీజను ఆరంభంలో తేమ ఎక్కువగా ఉన్న సరుకు వస్తుంది. అప్పటి తక్కువ ధరను వేళకు ఆపాదించరాదు. తేమ, రకం సమానంగా ఉన్న లాట్లనే పోల్చాలి. రెండవది, దేశవ్యాప్తంగా ధర పెరిగిన వారాన్ని మంచి వేళగా పొరబడరాదు. ఈరోడ్, సాంగ్లీ వంటి ఇతర పసుపు మార్కెట్ల ధరతో గల తేడాను గమనించాలి. వీలైనచోట ఒక సంస్థ సభ్యులకు అమ్మకపు రోజులను చీటీల ద్వారా కేటాయించి ధరలను పోల్చితే, పొలంలో యాదృచ్ఛిక సమూహ రూపకల్పనకు ఉన్నంత బలం ఆ ఫలితానికీ ఉంటుంది.

ఆన్‌లైన్ వేలం రైతుకు దూరపు ఖరీదుదారును దగ్గర చేసింది. ఆ ఖరీదుదారు దృష్టి ఎనిమిది వందల లాట్ల మధ్య చెదిరిపోతే ఆ మేలు తెర మీదనే నిలిచిపోతుంది. "ఈ రోజు ఎందరు కొనేవారు ఉన్నారు?" అని అడిగే రైతు చేత, "నా లాటుకు ఎందరు మిగులుతారు?" అని అడిగించగలిగితే, ఆ ప్రశ్నకు మార్కెట్టు వారీగా, రోజు వారీగా జవాబు ఇవ్వగలిగితే, విస్తరణ సేవ కళ్లం దాటి వేలం వరకు రైతు వెంట నడిచినట్లవుతుంది.